స్క్రూడ్రైవర్ ఎవరి చేతిలో ఉంది?

కిందటి సంవత్సరం వర్షాకాలంలో ఒక సాయంత్రం మా అమ్మాయి బడి నుంచి వచ్చి, పుస్తకాల సంచి భుజాన ఉండగానే, "అమ్మీ, నన్ను రోబో జట్టులోకి తీసుకున్నారు" అని చెప్పింది. అప్పుడు తను తొమ్మిదో తరగతి చదువుతోంది. నేను అస్ర్ నమాజు ముగించుకొని జానిమాజ్ మడుస్తున్నాను. అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకొని, "జట్టులో నీ పని ఏమిటమ్మా?" అని అడిగాను. "చార్టు రాయాలి, ప్రాజెక్టు పుస్తకం నింపాలి, న్యాయనిర్ణేతలు వచ్చినప్పుడు మా రోబో గురించి ఇంగ్లీషులో వివరించాలి" అంది.

నిజం చెప్పాలంటే ఆ మాట విన్నాక నా సంతోషం రెట్టింపయింది. చేతులు కాల్చుకునే పని కాదు, మగపిల్లల మధ్య నేలమీద కూర్చొని తీగలు కలిపే పని కాదు. శుభ్రమైన పని, మర్యాదకు భంగం లేని పని అనుకున్నాను. అలా అనుకోవడంలో ఎంత పొరపాటు ఉందో తెలియడానికి నాకు నాలుగు వారాలు పట్టింది. ఆ పొరపాటు నా ఒక్కదానిదే కాదనిపించి, నాలాంటి తల్లుల కోసం ఈ అనుభవాన్ని రాస్తున్నాను.

మాది నంద్యాల. మా అమ్మాయి చదివే బడిలో అటల్ టింకరింగ్ ప్రయోగశాల ఉంది. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ ఇన్నోవేషన్ మిషన్ 2016లో మొదలుపెట్టిన పథకం ఇది. ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. 6 నుంచి 12వ తరగతి వరకు చదివే పిల్లలు ఆ గదిలో తమ చేతులతో వస్తువులు తయారుచేసి నేర్చుకోవాలన్నది దాని ఉద్దేశం. త్రీడీ ప్రింటరు, ఆర్డుయినో పలకలు, సెన్సార్లు, బొటనవేలంత మోటార్లు, రకరకాల పనిముట్లు అందులో ఉంటాయి. గది తలుపు బాలురకూ బాలికలకూ సమానంగానే తెరిచి ఉంటుంది. అయితే గదిలోకి ప్రవేశం దొరికినంత మాత్రాన పనిముట్టు కూడా చేతికి అందుతుందని చెప్పలేం.

జట్టులో ఆరుగురు. నలుగురు బాలురు, ఇద్దరు బాలికలు. రెండో అమ్మాయి మా మొహల్లాలోనే ఉంటుంది, మా అమ్మాయికి చిన్ననాటి స్నేహితురాలు. వారు తయారుచేయవలసినది తెల్లని బల్లపై గీసిన నల్లని గీతను అనుసరించి తనంతట తాను నడిచే చిన్న బండి. బండి అడుగున ఉన్న సెన్సార్లు కంటికి కనిపించని పరారుణ కిరణాలను కిందికి పంపుతాయి. తెలుపు ఆ కిరణాలను తిప్పి పంపుతుంది, నలుపు తనలో కలుపుకుంటుంది. ఆ తేడాను బట్టి బండి గీత ఎటు ఉందో గ్రహించి, ఒక చక్రాన్ని నిదానింపజేసి మరొకదాన్ని తిప్పుతూ దారి మలుచుకుంటుంది.

నాలుగు వారాల తరువాత ఒక రాత్రి మా అమ్మాయి వాకిట్లో అటూ ఇటూ నడుస్తూ తన ఇంగ్లీషు ప్రసంగాన్ని వల్లె వేస్తోంది. నేను ఊరికే ఉండలేక, "గీత వంపు తిరిగినచోట బండి పక్కకు పోకుండా ఎలా తిరుగుతుంది?" అని అడిగాను. తను చేతిలోని కాగితం వంక చూసి, "అది ఇందులో రాసి లేదు అమ్మీ" అంది. తరువాత కొంచెంసేపు మౌనంగా ఉండి, "దాని గురించి చెప్పవలసింది నేనే. కాని నేను దాన్ని ఇంతవరకు ముట్టుకోలేదు" అంది.

ఆ మాటలో ఫిర్యాదు ఏమీ లేదు. నేనే ఆ రాత్రి నిద్రపోలేకపోయాను. నలభై ఏళ్ళ కిందటి ఒక అంగడి నా కళ్ళముందుకు వచ్చింది.

మా అబ్బా మోటారు వైండింగు చేసేవారు. కరెంటు తక్కువ వోల్టేజీలో వచ్చే వేసవికాలంలో రైతుల బావుల మోటార్లు వరుసగా కాలిపోయి ఆయన అంగడికి చేరేవి. కాలిన తీగను గాడుల్లోంచి బయటికి లాగేటప్పుడు ఎన్ని చుట్లు ఉన్నాయో లెక్కపెట్టడం నా పని. ఎనిమిదేళ్ళ వయసు నుంచి ఆ పని చేశాను. "లెక్క తప్పితే మోటారు తప్పుతుంది, మోటారు తప్పితే రైతు పంట తప్పుతుంది" అనేవారు అబ్బా. కొత్త రాగి తీగను చుట్టి గాడుల్లో కూర్చిన తరువాత, అది జారిపోకుండా వెదురు చీలికలను దూర్చడానికి నా చిన్న వేళ్ళు బాగా పనికివచ్చేవి. వార్నిష్ పూసి ఆరబెట్టిన మోటారు మొదటిసారి గుర్రుమని తిరిగినప్పుడు అబ్బా నా తలపై చేయి వేసేవారు.

నాకు పన్నెండేళ్ళు వచ్చిన సంవత్సరం మా దాదీ, "పెద్దపిల్ల అవుతోంది, ఇక అంగడికి వద్దు" అన్నారు. అబ్బా ఎదురు చెప్పలేదు. నన్ను ఎవరూ కసరలేదు, కొట్టలేదు. మరునాటి నుంచి పిలవడం మానేశారు, అంతే. నా చిన్న పీటమీద నాకన్న రెండేళ్ళు చిన్నవాడైన తమ్ముడు కూర్చున్నాడు. ఈనాడు ఆ అంగడి అతనిదే. నేను చదువుకొని తెలుగు ఉపాధ్యాయురాలినయ్యాను. అల్లాహ్ దయవల్ల నాకు దేనికీ లోటు లేదు. అయినా ఎక్కడైనా వార్నిష్ వాసన తగిలితే నా వేళ్ళు తమంతట తాము చుట్లు లెక్కపెట్టడం మొదలుపెడతాయి.

ఆ రాత్రి నాకు బోధపడిన సంగతి ఇది. మా దాదీకి నామీద ద్వేషం లేదు. అబ్బాకు నామీద ప్రేమ తగ్గలేదు. ప్రేమతోనే నన్ను పక్కన కూర్చోబెట్టారు. సరిగ్గా అదే ప్రేమతో నేను చార్టు పనిని చూసి మురిసిపోయాను.

మరునాడు బడికి వెళ్ళి ప్రయోగశాల బాధ్యత చూసే ఉపాధ్యాయునితో మాట్లాడాను. ఆయన మంచి మనిషి, కష్టపడే మనిషి. "ఆడపిల్లల చేతిరాత కుదురుగా ఉంటుందని ఆ పని ఇచ్చాను మేడమ్. ఇంకొక సంగతి. అసలు పని సాయంత్రం బడి వదిలాక మొదలై ఏడింటి దాకా సాగుతుంది. మగపిల్లలు ఉంటారు. ఆడపిల్లలు నాలుగున్నరకే ఆటో ఎక్కాలి. నన్ను ఏం చేయమంటారు?" అన్నారు.

ఆయన మాటలో నిజముంది. సాయంత్రం ఏడింటి దాకా మా అమ్మాయిని బడిలో ఉంచడానికి నేను మాత్రం ఒప్పుకుంటానా? ఒప్పుకోను. పని జరిగే వేళకు బాలికలు అక్కడ ఉండరు, ఉన్న వేళకు పని జరగదు. వారిని ఎవరూ గెంటివేయలేదు. గడియారమే గెంటివేసింది. మా మహిళలు ఎన్నో చోట్ల వెనుకబడి ఉండటానికి కారణం ఇటువంటి చిన్న చిన్న ఏర్పాట్ల లోపమేనేమో అని నాకు అప్పుడు తోచింది.

ఇద్దరం కూర్చొని ఒక పద్ధతి ఆలోచించాం. మధ్యాహ్న విరామంలో అరగంట, శనివారం బడి వేళల్లోనే రెండు పీరియడ్లు జట్టు పనికి కేటాయించడం. చార్టు, ప్రాజెక్టు పుస్తకం వారానికొకరు చొప్పున వంతులవారీగా రాయడం. ఆదివారం ఉదయం 9 గంటల నుంచి జుహ్ర్ వేళ వరకు ఇద్దరు బాలికలూ మా తమ్ముని అంగడిలో పనిముట్ల వాడకం నేర్చుకోవడం. అక్కడ తోడుగా నేను ఉంటాను. ఉపాధ్యాయుడు వెంటనే ఒప్పుకున్నారు. "ఈ మాట ముందే ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది" అన్నారు కూడా. ఎవరూ అడగలేదు, నాతో సహా.

మొదటి వారం ప్రాజెక్టు పుస్తకం రాయవలసిన వంతు జట్టు నాయకుడైన అబ్బాయికి వచ్చింది. కోడి గెలికినట్లున్న ఆ రాత చూసి అందరూ నవ్వారట. కాని మూడు రోజుల తరువాత ఆ అబ్బాయి ఉపాధ్యాయుని దగ్గరకు వచ్చి, "రాయడం మొదలుపెట్టాక గాని నాకు తెలియలేదు సార్, మనం ఈ సెన్సార్లను ఇంత దూరంలో ఎందుకు పెట్టామో నాకే తెలియదు" అన్నాడట. రాత పనిని నేను తక్కువ చేయడం లేదు. చేసిన పనిని రాయడం, రాసిన పనిని చేయడం రెండూ కలిస్తేనే విద్య పూర్తవుతుంది. ఒకరికి సగం, మరొకరికి సగం పంచితే ఇద్దరూ నష్టపోతారు.

ఆదివారాలు మా అంగడిలో సందడి మొదలైంది. నా తమ్ముడు ఇద్దరికీ సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం నేర్పాడు. "వేడి తీగకు తగలాలి, టంకం తనే కరిగి అతుక్కుంటుంది, తొందరపడకూడదు" అని చెబుతూ ఉండేవాడు. మొదటి రోజు మా అమ్మాయి చూపుడు వేలు చురుక్కుమంది. నేను లేచి నిలబడ్డాను. తమ్ముడు నా వైపు చూసి, "కూర్చో ఆపా, మనకు కాలలేదా?" అన్నాడు. చల్లని నీళ్ళలో వేలు ముంచి, ఐదు నిమిషాల తరువాత తను మళ్ళీ పని అందుకుంది.

బండి నడిచింది కాని ఎంత చెప్పినా ఎడమవైపుకు ఒరిగిపోయేది. ఇద్దరూ రెండు ఆదివారాలు తల బద్దలు కొట్టుకున్నారు. చివరకు మోటార్లను విడిగా తిప్పి చూస్తే, ఒకే పెట్టెలోంచి తీసిన రెండు మోటార్లలో ఒకటి కొంచెం వేగంగా, ఒకటి కొంచెం నిదానంగా తిరుగుతోంది. "ఒక తల్లి కడుపున పుట్టిన పిల్లలే ఒకేలా నడవరు, మోటార్లు నడుస్తాయా?" అని నా తమ్ముడు నవ్వాడు. వేగం ఎక్కువున్న మోటారుకు ప్రోగ్రాములో కొంత తగ్గించి సరిచేశారు. మా అమ్మాయి స్నేహితురాలు మాట తక్కువ, పని ఎక్కువ. చక్రాలు వదులు కాకుండా బిగించే అమరికను తనే ఆలోచించి, పాత అల్యూమినియం పట్టీని రాకుతో అరగదీసి అమర్చింది. ఆ అమరిక చివరిదాకా చెక్కుచెదరలేదు.

ఒక ఆదివారం పిల్లలు అలసిపోయి కూర్చున్నప్పుడు వారికి ఆఫ్ఘనిస్తాన్ బాలికల సంగతి చెప్పాను. హెరాత్ నగరానికి చెందిన ఆరుగురు బాలికల జట్టు 2017 జూలైలో అమెరికాలోని వాషింగ్టన్‌లో జరిగిన ఫస్ట్ గ్లోబల్ రోబో పోటీకి వెళ్ళింది. ఆ జట్టును కూడగట్టినవారు రోయా మహబూబ్ అనే ఆఫ్ఘన్ మహిళ. ఆ బాలికలకు రెండుసార్లు వీసా నిరాకరించారు. ఆఖరి నిమిషంలో అనుమతి లభించి వెళ్ళినవారు, ధైర్యంతో సాధించిన కృషికి గాను రజత పతకం అందుకున్నారు. వారు తిరిగివచ్చిన కొద్ది రోజులకే, ఆగస్టు 1న, హెరాత్‌లో ఒక మసీదుపై జరిగిన బాంబు దాడిలో జట్టు నాయకురాలు ఫాతిమా ఖాదెర్యాన్ తండ్రి మరణించారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఇంతటితో ఆగిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కాని 2020లో కరోనా వచ్చి ఆస్పత్రులలో శ్వాసయంత్రాలు కరవైనప్పుడు, ఆ జట్టు బాలికలు టయోటా కరోలా కారు మోటారును, హోండా మోటారు సైకిలు గొలుసును ఉపయోగించి తక్కువ ఖర్చుతో వెంటిలేటరు నమూనాను తయారుచేశారు. కారు మోటారు అనగానే నా తమ్ముడు లేచి, మూలనున్న ఇనుప సామాన్లలోంచి పాత మోటారు ఒకటి తెచ్చి పిల్లల ముందు పెట్టాడు. పాత సామానులో పడి ఉన్న వస్తువుతో ఒక మనిషికి ఊపిరి అందించాలని ఆలోచించిన బాలికలు తమ వయసువారేనని తెలిసి ఇద్దరూ దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. 2021లో పరిస్థితులు మారాక ఆ జట్టులోని పలువురు ఖతర్‌కు తరలివెళ్ళవలసి వచ్చింది. ఆ దేశంలో ఆరో తరగతి దాటిన బాలికలకు బడి తలుపులు మూసుకుపోయాయి. మన ఇంటి ముందు తలుపు తెరిచే ఉంది. తెరిచి ఉన్న తలుపు విలువ మూసిన తలుపు చూసినప్పుడే తెలుస్తుంది.

డిసెంబరులో రాష్ట్రస్థాయి పోటీ విజయవాడలో జరుగుతుందని కబురు వచ్చింది. రాత్రి రైలు ప్రయాణం, రెండు రోజుల బస. మా ఇంట్లో అసలు పరీక్ష అప్పుడు మొదలైంది.

మా వారి అక్కగారు, "ఆడపిల్లను ఊళ్ళు తిప్పి బొమ్మబండి నడిపిస్తారా? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏం చెబుతారు?" అన్నారు. ఆమె మాటను నేను తేలికగా తీసుకోలేదు. చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకొని, తమ్ముళ్ళను చెల్లెళ్ళను తన చేతులమీద పెంచిన మనిషి ఆమె. లోకం ఆడపిల్లను ఎలా చూస్తుందో నాకన్నా ఎక్కువ ఎరిగినవారు. ఆమె భయానికి కారణాలున్నాయి. అందుకే వాదన పెట్టుకోలేదు.

మా వారు ఆ రోజంతా ఏమీ మాట్లాడలేదు. ఇషా నమాజు తరువాత నన్ను పిలిచి, "తోడు ఎవరు? ఎక్కడ పడుకుంటారు? నమాజు ఎక్కడ చేసుకుంటుంది? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే నాకు అభ్యంతరం లేదు" అన్నారు. మూడింటికీ బడి నుంచి రాతపూర్వకంగా జవాబు తెచ్చాను. ఒక ఉపాధ్యాయిని వెంట వస్తారు, నేనూ వెళ్తాను. బాలికలకు వేరే వసతిగృహం. ఆ గదిలోనే నమాజుకు చోటు. మా వారు ఆ కాగితం తీసుకొని వెళ్ళి అక్కగారికి చదివి వినిపించారు. ఆమె అంతా విని, "సరే, తల్లి వెంట ఉంటే మంచిదే" అని, బయలుదేరే రోజున రొట్టెలు, కోడికూర స్వయంగా చేసి డబ్బాలో సర్ది పంపారు.

రెండో అమ్మాయి ఇంట్లో మాత్రం ఒప్పుకోలేదు. నేను స్వయంగా వెళ్ళాను. ఆమె తల్లి చాయ్ ఇచ్చి పక్కన కూర్చొని, "మీకు ఉద్యోగం ఉంది, సెలవు పెట్టి వెళ్తారు. నాకు సెలవు ఎవరిస్తారు? చంకలో ఒక బిడ్డ, మంచంలో మా అత్తమ్మ. నేను రాలేను, తల్లి లేకుండా పంపలేను" అంది. నా సొంత బిడ్డలా చూసుకుంటానని మాట ఇచ్చాను. సాయంత్రం ఆలోచించి చెబుతామన్నారు. సాయంత్రం వద్దని చెప్పారు. వారిని నేను నిందించలేను. నాకు ఉన్న వెసులుబాటు ఆ తల్లికి లేదు. బయలుదేరే రోజు ఆ అమ్మాయి స్టేషనుకు వచ్చి, ఖాళీ మందుల డబ్బా ఒకటి మా అమ్మాయి చేతిలో పెట్టింది. అందులో మరలు, నట్లు సైజుల వారీగా విడివిడి పొట్లాలు కట్టి ఉన్నాయి. "కుడి చక్రం మర ఒకసారి చూసుకో" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది.

రైలు బోగద సొరంగం దాటి నల్లమల అడవిలోకి వెళ్తున్నంతసేపూ మా అమ్మాయి ఆ డబ్బాను ఒడిలోనే పెట్టుకొని కూర్చుంది.

పోటీ జరిగిన హాలు పెద్దది. తూర్పువైపు వరుసగా కిటికీలు. మా అంగడిలో, బడిలో తడబడకుండా నడిచిన బండి అక్కడ మొదటి ప్రయత్నంలో రెండో వంపు దగ్గరే గీత తప్పి గిరగిరా తిరిగింది. అబ్బాయిలు ప్రోగ్రాములో తప్పుందేమోనని ల్యాప్‌టాప్ తెరిచారు. మా అమ్మాయి మోకాళ్ళపై వంగి బల్లను కాసేపు పరిశీలించింది. కిటికీలోంచి ఎండ పడినచోటనే బండి దారి తప్పుతోంది. సూర్యకాంతిలోనూ పరారుణ కిరణాలు ఉంటాయి కదా. ఆ వెలుగులో సెన్సారుకు నలుపు కూడా తెలుపులాగే తోస్తోంది. చార్టు కోసం తెచ్చిన నల్లని అట్టలోంచి సన్నని ముక్క కత్తిరించి, సెన్సార్ల చుట్టూ చిన్న తెరలా అంటించింది. తరువాత సన్న స్క్రూడ్రైవర్‌తో సెన్సారు మీద ఉండే నీలిరంగు మరను వెంట్రుకవాసి తిప్పుతూ సరిచేసింది. వెళ్ళేముందు కుడి చక్రం మర కూడా ఒకసారి బిగించింది.

రెండో ప్రయత్నంలో బండి దారంతా పూర్తిచేసింది.

న్యాయనిర్ణేతలు వచ్చినప్పుడు మా అమ్మాయి చేతిలో కాగితం లేదు. ఒకరు జట్టు నాయకుణ్ణి, "ఈ నల్లని తెర ఎందుకు?" అని అడిగారు. ఆ అబ్బాయి, "అమర్చింది తను సార్, తననే అడగండి" అన్నాడు. బహుమతి రాలేదు. మొదటి మూడు స్థానాల్లో మా జట్టు లేదు. కాని ఆ అబ్బాయి చెప్పిన ఆ ఒక్క మాట నాకు ఏ బహుమతికీ తక్కువ అనిపించలేదు. పక్కనున్నవారి పనిని పనిగా గుర్తించడం కూడా మన అబ్బాయిలు నేర్చుకోవలసిన విద్యే.

ఆ రెండు రోజులూ నేను హాలులో కూర్చొని చేసిన పని ఒకటుంది. చిన్నప్పటి అలవాటు కదా, లెక్కపెట్టాను. నేను కూర్చున్న వైపు పన్నెండు జట్లున్నాయి. వాటిలో తొమ్మిదింటిలో బాలికలున్నారు. చూసి సంతోషించాను. తరువాత పనిముట్టు ఎవరి చేతిలో ఉందో చూశాను. మూడు జట్లలో మాత్రమే అది బాలికల చేతిలో కనిపించింది. మిగిలినవారు చార్టుల పక్కన చక్కగా నిలబడి ఉన్నారు. వారి తల్లులు కూడా నాలాగే సంతోషించి ఉంటారు.

యంత్రాలు మన సంప్రదాయానికి కొత్తవని ఎవరైనా అంటే నాకు ఆశ్చర్యం కలుగుతుంది. 9వ శతాబ్దపు బాగ్దాద్‌లో బనూ మూసా సోదరులు ముగ్గురూ చమత్కార యంత్రాల గురించి గ్రంథం రాశారు. తుర్కీలోని దియార్‌బకర్ ప్రాంతాన్ని ఏలిన అర్తుఖీ పాలకుల కొలువులో పనిచేసిన అల్ జజరీ 1206లో పూర్తిచేసిన గ్రంథంలో ఏనుగు గడియారమే కాక, నీళ్ళు తోడే యంత్రాలు, చేతులు కడుక్కోవడానికి తనంతట తాను నీళ్ళు పోసే యంత్రం కూడా ఉన్నాయి. 10వ శతాబ్దంలో హలబ్ నగరంలో సైఫుద్దౌలా ఆస్థానంలో అల్ ఇజ్లియ్యా అనే మహిళ నక్షత్రాల స్థానాలను కొలిచే అస్తర్లాబ్ పరికరాలను తయారుచేసేవారు. ఇబ్నె నదీమ్ తన గ్రంథసూచిలో ఆమెను, ఆమె తండ్రిని ఇద్దరినీ ఆ వృత్తివారి వరుసలో పేర్కొన్నారు. ఆ కూతురు చేతులతో చేసిన పని వెయ్యేళ్ళు దాటినా చరిత్రలో నిలిచింది. అంతకుముందే దైవప్రవక్త (స) కాలంలో హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (ర.అన్హా) రాయడం నేర్చినవారై, విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (ర.అన్హా)కు ఆ విద్య నేర్పారు. జ్ఞానార్జన విధి అన్నప్పుడు అందులో చేతులతో చేసే జ్ఞానం కూడా ఉందని నేను విశ్వసిస్తున్నాను.

హయా, మర్యాద మన ఇళ్ళ ఆభరణాలు. మా అమ్మాయి హిజాబు సర్దుకొని, సమయానికి నమాజు చేసుకొని, మళ్ళీ వచ్చి మోకాళ్ళపై కూర్చొని మర బిగించింది. వాటిలో ఒకటి మరొకదానికి అడ్డం రాలేదు. అడ్డం వచ్చినవి ఆటో వేళ, ఏడు గంటల పని, తోడు లేకపోవడం, అన్నిటికన్నా ముందు నా తృప్తి. ఇవన్నీ సరిచేసుకోగలిగినవే.

అందుకే తల్లిదండ్రులకు నా మనవి ఇది. మీ అమ్మాయి జట్టులో చేరిందని చెప్పినప్పుడు అభినందించండి. తరువాత, "ఈ రోజు నీ చేతులతో ఏం చేశావు?" అని కూడా అడగండి. రాత పని వంతులవారీగా జరుగుతోందా, పని వేళలు బాలికలకు అనువుగా ఉన్నాయా అని బడిలో కనుక్కోండి. ఇంట్లో ఫ్యూజు పోయినప్పుడు, కుళాయి కారినప్పుడు కొడుకును పిలిచే ముందు ఒక్కసారి కూతురిని పిలవండి. పిలవడమే సగం చదువు. వెళ్ళగలిగిన తల్లులు, వెళ్ళలేని తల్లుల బిడ్డలకు కూడా తోడుగా ఉండగలమని నమ్మకం కలిగిద్దాం. ఆ నమ్మకం ఒక సాయంత్రంలో ఏర్పడదని నాకు అనుభవంలో తెలిసింది.

విజయవాడ నుంచి వచ్చిన నెల తరువాత ఒక రోజు రెండో అమ్మాయి తండ్రి మా తమ్ముని అంగడికి వచ్చారు. వారి ఇంట్లో పంకా ఆగిపోతే వారి అమ్మాయే కెపాసిటరు పాడైందని గుర్తించి, ముందు మెయిను ఆపించి, కొత్తది వేసిందట. "ఎక్కడ నేర్చుకుందో చూద్దామని వచ్చాను" అన్నారు. చాలాసేపు కూర్చున్నారు. వైండింగు బల్ల, సోల్డరింగ్ ఐరన్, పిల్లల కోసం వేసిన రెండు పీటలు అన్నీ చూశారు. తరువాతి పోటీ సంగతి మేమెవ్వరమూ ఎత్తలేదు. వెళ్ళబోతూ ఆయనే, "ఆదివారం ఎన్ని గంటలకు పంపమంటారు?" అని అడిగారు.

ఆ పీటల్లో ఒకటి నేను చిన్నప్పుడు కూర్చున్నదే. అల్లాహ్ మన బిడ్డల చేతులకు నైపుణ్యాన్ని, హృదయాలకు వినయాన్ని, వారిని పిలిచే మంచి మనసును మనకు ప్రసాదించుగాక! ఆమీన్.